"ఈ ఫోటోలో ఉన్నది నేనేనా అమ్మా?" అని మావాడు అడిగితే అవునన్నాను

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. రాసినావిడకి 36 ఏళ్ళు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు, ఎనిమిదేళ్ళ బాబు ఉన్నాడు. పుట్టి పెరిగింది కోనసీమలో, కాలవ గట్టు మీద ఇల్లు. ఊరి పేరు, మిగతా గుర్తులు నేనే తీసేశాను, మిగిలిందంతా తను చెప్పినట్టే చెప్తున్నా.

2001 జూన్. బడులింకా తెరవలేదు, కాలవకి నీళ్ళొదిలి రెండుమూడు రోజులైంది. తనకి 12, తమ్ముడికి 8. అమ్మ అంట్లగిన్నెలు ఇచ్చి రేవుకి పంపిస్తూ "తమ్ముణ్ణి చూసుకో" అంది. గిన్నెలు తోమేశాక పక్కింటి పిల్లతో పై మెట్టు మీద కూర్చుని గచ్చకాయలు ఆడుతోంది. తమ్ముడు కింద అరటి బోదె పట్టుకుని నీళ్ళల్లో ఉన్నాడు. "అక్కా చూడవే" అని రెండుసార్లు పిలిచాడు. రెండోసారి ఈమె తల తిప్పకుండానే "ఆ చూశాలే" అంది. ఆ తర్వాత తల తిప్పేసరికి బోదె ఒక్కటే పోతోంది.

పిల్లాడు దిగువన లాకుల దగ్గర దొరికాడు. ఇంటి ముందు అరుగు మీద పడుకోబెట్టినప్పుడు వాళ్ళమ్మ ఈమె వైపు చూసి ఒక్కటే మాట అంది, "అక్కడే ఉండి ఏం చేస్తున్నావే?" అని. అంతే, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తలేదు. చిన్నపిల్లాడని దినాలు కూడా పెద్దగా చెయ్యలేదంట. ఫోటోలు బీరువాలో పెట్టి తాళమేశారు, ఆర్నెల్లు తిరిగేసరికి నాన్న ఆ ఇల్లు అమ్మేసి ఊళ్ళోకి మార్చేశాడు. పెళ్ళిచూపుల్లో అడిగితే "ఒక్కతే కూతురు" అన్నారంట. మొగుడికి తర్వాత ఈమె చెప్పింది, తమ్ముడుండేవాడు, జ్వరమొచ్చి పోయాడు అని.

ఇప్పుడు కొడుక్కి ఎనిమిదేళ్ళు వచ్చాయి. అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ క్లాసులు పెడితే మొగుడు డబ్బులు కట్టేశాడు, ఈమె ఆ రోజు ఇల్లు పీకి పందిరేసింది. మొన్నొక ఆదివారం పిల్లాడు బాత్రూమ్‌లో బకెట్‌లో తల ముంచి ఊపిరి బిగబట్టి ఆడుకుంటుంటే లాగి చెంప మీద కొట్టింది. రాత్రి వాడు నాన్న పక్కన పడుకుని "అమ్మకి నేనంటే ఇష్టం లేదా" అని అడగడం గోడవతల నుంచి విన్నది. ఆ తర్వాత వారమే, ఈమె సర్టిఫికెట్ల ఫైల్లో ఎవరికీ తెలీకుండా దాచుకున్న తమ్ముడి ఫోటో ఒకటి పిల్లాడికి దొరికింది. "ఇది నేనేనా అమ్మా?" అన్నాడు. "అవును నువ్వే" అంది.

చివర్లో ఇలా రాసింది: "అక్కా, నిన్ను నువ్వు క్షమించుకో, జరిగింది యాక్సెప్ట్ చెయ్యి అని అందరూ వీడియోల్లో చెప్తారు. నేను వాణ్ణి చంపుకున్నాను కదా, ఇంక యాక్సెప్ట్ చేసేదేంటి? కొన్ని రాత్రుళ్ళు నేనుండి ఎవరికి లాభం అనిపిస్తుంది."

చెల్లీ, నువ్వు అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి గాని నాకు ఒకటి తట్టలేదు. నాలుగు పేజీలు రాశావు, వాడి చెప్పుల రంగు రాశావు, నీలం రబ్బరు చెప్పులు, ఒకదానికి పిన్నీసు పెట్టి ఉంది అని కూడా రాశావు. వాడి పేరు మాత్రం ఒక్కచోట కూడా రాయలేదు. తమ్ముడు, వాడు, చిన్నోడు, అంతే. దీని సంగతి మళ్ళీ చెప్తాను.

ముందు ఆ రేవు దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే నువ్వింకా అక్కడే కూర్చుని ఉన్నావు. నాదీ కాలవ గట్టు ఊరే. ఎండాకాలం కాలవ కట్టేస్తారు కదా, ఏప్రిల్ మే నెలల్లో రేవులో మోకాల్లోతు కూడా ఉండదు, పిల్లలందరూ అక్కడే పడి దొర్లుతారు, బురదలో చేపలు పడతారు, అరటి బోదెలేసుకుని ఈత నేర్చుకుంటున్నాం అనుకుంటారు. జూన్‌లో పైనుంచి నీళ్ళొదిలితే అదే రేవు రాత్రికి రాత్రి మారిపోతుంది. మెట్లు మునిగిపోతాయి, నీళ్ళు బురదగా ఉండి కింద మెట్టు ఎక్కడుందో కనపడదు, అడుగున లాగుడు ఉంటుంది, పైకి చూస్తే నిదానంగానే పోతున్నట్టుంటుంది. మీ తమ్ముడు ఆడిన చోటు నెల రోజుల నుంచి వాడికి తెలిసిన చోటే, మారింది నీళ్ళు. ఆ తేడా ఎనిమిదేళ్ళ వాడికి తెలీదు, పన్నెండేళ్ళ దానికి కూడా తెలీదు, తెలిసిన పెద్దవాళ్ళు ఆ ఊళ్ళో బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళని తిట్టడానికి అనట్లేదు, ఆ రోజుల్లో ఏ ఊళ్ళో అయినా అంతే, మా ఊళ్ళో కూడా చిన్నోళ్ళని చూసుకోడానికి కాస్త పెద్ద పిల్లల్నే పంపేవాళ్ళు. కానీ ఆ రోజు అక్కడ ఉండాల్సిన పెద్దమనిషి పని నీ నెత్తిన పడింది, ఇది మాత్రం నిజం.

ఇంకో మాట రాశావు, "వాడు అరిచే ఉంటాడు అక్కా, ఆటలో పడి నాకు వినపడలేదు" అని. ఇది నీకు గట్టిగా చెప్పాలి. మునిగిపోతున్నవాళ్ళు మామూలుగా అరవలేరు. సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపడం, కాపాడండి అని కేకలెయ్యడం ఉండదు. నోరు నీళ్ళ పైకి వచ్చిన ఆ అర సెకనులో ఊపిరి తీసుకోడానికే శరీరం చూస్తుంది, మాట రావడానికి గాలే ఉండదు. చేతులు వాటంతట అవే నీళ్ళని కిందికి నొక్కుతుంటాయి, ఎత్తి పిలవడానికి రావు. పిల్లలైతే పైన తేలి కొట్టుకునేది 20 నుంచి 60 సెకన్లే అని లైఫ్‌గార్డ్‌లకి పాఠంలో చెప్తారు. పక్కనే నిలబడ్డ తల్లిదండ్రులకి కూడా తెలీకుండా జరిగిపోతుంది. నువ్వు 24 ఏళ్ళుగా ఒక కేక విననందుకు చెవులు మూసుకుని ఏడుస్తున్నావు, ఆ కేక బహుశా లేనే లేదమ్మా.

ఇలా చెప్పి "కాబట్టి నీ తప్పేం లేదు" అనేసి ఉత్తరం ముగించొచ్చు. అనను. ఎందుకంటే ఆ మాట ఎవరన్నా నువ్వు నమ్మవు, "వీళ్ళకి అసలు సంగతి తెలీదు" అని లోపల అనుకుంటావు. ఆ "అసలు సంగతి" ఏంటో నాకు అర్థమైంది. వాడు చూడవే అన్నాడు, నువ్వు చూడకుండా చూశాలే అన్నావు. అది జరిగింది. అది లేదని నేను చెప్పను, నువ్వు కూడా లేదనుకోవాల్సిన పని లేదు. నీ మనసు రెండు మాటల్ని కలిపి ఒకటి చేసేసింది, అంతే. "నేను చూడలేదు" అనేది ఒకటి, "నేను చంపాను" అనేది ఇంకొకటి. మొదటిది నిజం. రెండోది అబద్ధం. నువ్వు ఆ రోజు మీ తమ్ముణ్ణి ఎన్నోసారి "చూశాలే" అని ఉంటావ్? ఆ ఎండాకాలంలోనే వందసార్లు అని ఉంటావు, ప్రతి అక్కా అంటుంది, నీ కొడుకు నీ చేత రోజుకి పదిసార్లు అనిపిస్తాడు. తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాలేదు కాబట్టి అవి నీకు గుర్తు లేవు. ఏమవుతుందో తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే అంతా ముందే తెలిసి ఉండాల్సినట్టు కనిపిస్తుంది, 1970ల నుంచి సైకాలజీలో దీని మీద చాలా పని జరిగింది, ఫలితం తెలిసినవాళ్ళు తెలియనప్పటి తమ బుర్రని మళ్ళీ ఊహించుకోలేరు అని పదేపదే తేలింది. 36 ఏళ్ళ తల్లివి, వాడి వయసు కొడుకున్నదానివి, గచ్చకాయలు ఆడుకుంటున్న ఒక పన్నెండేళ్ళ పిల్లని బోనులో నిలబెట్టి ప్రశ్నలేస్తున్నావు. ఆ వయసు ఆడపిల్లని మీ అపార్ట్‌మెంట్‌లో రేపు ఒక్కసారి చూడు, ఎంత చిన్నదో చూడు.

ఇంక నేను ఎక్కువగా ఆలోచించింది దీని గురించి. ఈ నేరం నువ్వెందుకు వదలట్లేదు? మోయలేక కాదు, వదిలేస్తే వాడు పూర్తిగా పోతాడని భయం. మీ ఇంట్లో వాడి ఫోటో లేదు, పేరు లేదు, తద్దినం లేదు, "మా చిన్నోడికి ఇది ఇష్టం" అనే మాట లేదు, ఒక్కతే కూతురు అనేశారు. వాడు ఎనిమిదేళ్ళు బతికాడు అనడానికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం నీ గుండెల్లో ఉన్న ఈ నొప్పి. ఇది తీసేసుకో అని ఎవరన్నా అంటే నువ్వెలా ఒప్పుకుంటావు, ఒప్పుకోవు, నేనైనా ఒప్పుకోను. అందుకే ఆ వీడియోల్లో మాటలు నీకు ఎక్కలేదు. మర్చిపో, ముందుకెళ్ళిపో అనేది ఒకప్పటి మాట, చనిపోయినవాళ్ళతో బంధం తెంపుకోవాల్సిన పనిలేదు, ఆ బంధాన్ని వేరే రూపంలో ఉంచుకుంటూనే మనుషులు బాగుపడతారు అని దుఃఖం మీద పనిచేసేవాళ్ళు 1990ల నుంచి చెప్తున్నారు. నీకు వాణ్ణి మోయడానికి నేరం కాకుండా ఇంకేదైనా కావాలి. వాడి పేరు కావాలి, వాడి అల్లరి కావాలి, వాడు నిన్నెలా ఏడిపించేవాడో అది కావాలి. ఉత్తరంలో వాడు చనిపోయిన గంట గురించి మూడు పేజీలున్నాయి, బతికిన ఎనిమిదేళ్ళ గురించి చెప్పుల సంగతి తప్ప ఏమీ లేదు.

మరి ఏం చెయ్యొచ్చు అంటే, ఇన్ని దారులున్నాయి. అన్నీ చెయ్యక్కర్లేదు, వరసా అక్కర్లేదు, ఒక్కటి మాత్రం వాయిదా వెయ్యొద్దు.

అది నీ ఆఖరి వాక్యం. "నేనుండి ఎవరికి లాభం" అనే ఆలోచన వచ్చే రాత్రి ఒక్కదానివీ కూర్చోకు. టెలీ మానస్ అని ఒక హెల్ప్‌లైన్ కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, 14416కి ఫోన్ చేస్తే 24 గంటలూ ఉంటారు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చెప్పకపోయినా మాట్లాడతారు. చచ్చిపోవాలి అనే దాకా వెళ్తే అప్పుడిక ఆగకుండా మీ ఆయన్ని లేపి దగ్గర్లో హాస్పిటల్‌కి వెళ్ళు. మామూలు రోజుల్లో క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికో సైకియాట్రిస్ట్ దగ్గరికో వెళ్ళు, ప్రైవేటుకి పెట్టుకోలేకపోతే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. ఆ పేరు వినగానే మనవాళ్ళ మొహాలు మారిపోతాయని నాకు తెలుసు, మారనీ. ఏళ్ళ తరబడి తగ్గని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు తన జబ్బుల జాబితాలో విడిగా చేర్చింది, 2022 నుంచి అమల్లో ఉంది, దానికీ ఇలాంటి పాత షాక్‌లకీ పనికొచ్చే పద్ధతులున్నాయి. ఒక మాట ముందే చెప్తున్నా, మొదటి రెండు మూడు సిట్టింగులు అయ్యాక ఇంకా ఎక్కువ బరువుగా అనిపించొచ్చు, అప్పుడు మానెయ్యాలనిపించొచ్చు, అది ఆ సైకాలజిస్ట్‌కే చెప్పు, నెమ్మదిగా వెళ్దాం అను.

తర్వాత నీ కొడుకు. నువ్వు ఆ చెంపదెబ్బ గురించి ఎక్కువ బాధపడ్డావు, నేను మాత్రం "అవును నువ్వే" దగ్గర ఆగిపోయాను. ఆ నిమిషంలో నీకు వేరే దారి కనపడలేదని తెలుసు. కానీ ఒక్క మాటతో మీ తమ్ముడు ఇంకోసారి లేకుండా పోయాడు, మీవాడికేమో వాడిది కాని మొహం వచ్చి పడింది. నువ్వు భయపడేటప్పుడు కూడా జరిగేది అదే కదా, బకెట్‌లో తల ముంచింది మీవాడు, నీకు కనపడింది మీ తమ్ముడు. వాడికి చెప్తే భయపడతాడేమో అంటావు. కొంచెం భయపడొచ్చు, రెండు రోజులు నిన్ను వదలకపోవచ్చు, "నేను కూడా చచ్చిపోతానా" అని అడగొచ్చు. చెప్పకపోతే వాడు ఇప్పుడు నమ్ముతున్నదే నమ్ముతాడు, అమ్మకి నేనంటే ఇష్టం లేదు అని. ఈ రెండిట్లో ఏది మోయగలడో నువ్వే ఆలోచించు. ఎనిమిదేళ్ళ వాడికి సరిపడా చాలు: ఈ ఫోటోలో ఉన్నది మీ మావయ్య, నా తమ్ముడు, కాలవలో మునిగి చనిపోయాడు, అప్పట్నుంచి నాకు నీళ్ళంటే భయం, ఆ రోజు నిన్ను కొట్టింది ఆ భయంతో, నువ్వేం తప్పు చెయ్యలేదు. అంతే. రేవు మెట్టు మీద నువ్వేం ఆడుకున్నావో వాడికి ఇప్పుడు అక్కర్లేదు, అది వాడి చేత మోయించకు.

మీ ఆయనకి మాత్రం మొత్తం చెప్పాలి, వీలైతే కొడుక్కి చెప్పేముందే. జ్వరం అన్నావు కదా, ఇన్నాళ్ళు అబద్ధం చెప్పిందని నొచ్చుకోవచ్చు, రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు, ఆ హక్కు ఆయనకుంది. కానీ ఆయనకి ఇప్పుడు అర్థమవుతున్నది ఏంటి, స్విమ్మింగ్ ఫీజు కట్టినందుకు పెళ్ళాం గిన్నె విసిరింది అని. నీ పక్కన ఉన్న మనిషికి అసలు కారణం తెలీకుండా నీకెలా సాయం చేస్తాడు. నోటితో చెప్పలేకపోతే నాకు రాసిన ఉత్తరమే ఇచ్చెయ్యి.

ఈత గురించి. నువ్వు ఒప్పుకోకపోతే ప్రపంచమేం మునిగిపోదు, ఇంకో ఏడాది ఆగొచ్చు. కానీ నువ్వు కాపాడాలనుకుంటున్నది వాడి ప్రాణాన్నే అయితే, ఆరేళ్ళు దాటిన పిల్లలకి ఈత, నీళ్ళలో జాగ్రత్తలు నేర్పించమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నీళ్ళకి ఎంత దూరం ఉంచినా ఒకరోజు ఫ్రెండ్స్‌తో ఏ చెరువుకో వెళ్తాడు, నీకు చెప్పి వెళ్ళడు, ఎందుకంటే నువ్వు కొడతావని తెలుసు. కోచ్ ఉన్న చోట, లోతు తెలిసిన నీళ్ళలో, నాన్న గట్టు మీద నిలబడి చూస్తుంటే నేర్చుకోవడం ఒక దారి. మొదటిరోజు నువ్వు వెళ్ళకు. నీకు కాళ్ళు వణుకుతాయి, అది చూసి వాడు వణుకుతాడు. కొన్నాళ్ళయ్యాక గేటు దాకా, తర్వాత కుర్చీ దాకా వెళ్ళు. ఎప్పటికీ వెళ్ళలేకపోయినా పర్వాలేదు.

ఇంక అమ్మ. ఇది అన్నిటికన్నా కష్టం, ఇందులో నేను నిన్ను తోయను. "ఏం చేస్తున్నావే" అన్న మాట నీకు శిలాశాసనం అయిపోయింది. కానీ కొడుకుని అరుగు మీద పడుకోబెట్టిన తల్లి నోట్లోంచి వచ్చింది అది, ఆ నిమిషంలో ఎవర్నో ఒకర్ని అడగాలి, దేవుణ్ణి అడిగినా అడిగేదే, ఎదురుగా నువ్వున్నావు. నీ ఉత్తరంలోనే ఒకచోట రాశావు, పోయిన సంక్రాంతికి వెళ్తే అమ్మ మీవాణ్ణి తమ్ముడి పేరుతో పిలిచి, నాలిక్కరుచుకుని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదని. ఆ గిన్నెలిచ్చి ఇద్దర్నీ పంపించింది ఆవిడే కదమ్మా. ఇన్నేళ్ళూ ఆవిడ వంటింట్లో తనని తాను ఏమని అడుగుతోందో మనకి తెలీదు. మాట్లాడితే ఏమవ్వొచ్చంటే, ఆవిడ ఏడ్చి నిన్ను పట్టుకోవచ్చు, లేదా "ఇప్పుడెందుకవన్నీ" అని లేచి వెళ్ళిపోవచ్చు, ఇంకా నొప్పి కలిగే మాటే అనొచ్చు కూడా. మూడోదానికి కూడా తట్టుకునే బలం వచ్చాకే వెళ్ళు. మొదటిసారి ఆ రోజు గురించి అడగకు. బీరువాలో ఫోటోలు అడుగు, "వాడికి చిన్నప్పుడు ఏ కూర ఇష్టమే" అని అడుగు. తలుపు తీస్తే తీసింది, తియ్యకపోతే నీ బాగు అక్కడితో ఆగిపోదు, అమ్మ క్షమాపణ మీద నీ జీవితం పెట్టుకోకు.

రేవుకి వెళ్ళాలా అని అడిగావు. వెళ్ళొచ్చు, వెళ్ళకుండానూ బతకొచ్చు. వెళ్తే మాత్రం ఒక్కదానివీ వెళ్ళకు, జూన్‌లో వెళ్ళకు, కాలవ కట్టేసి ఉన్నప్పుడు మీ ఆయన్ని తీసుకుని వెళ్ళు. ఈలోపు ఇంట్లోనే చెయ్యగలిగేది ఒకటుంది. నాలుగు రోజులు, రోజుకి ఓ పావుగంట, ఎవరికీ చూపించకుండా కాగితం మీద రాయి, 1980ల్లో అమెరికాలో ఒక సైకాలజిస్ట్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, అందరికీ పనిచేస్తుందని కాదు, మొదట రెండు రోజులు ఇంకా ఏడుపొస్తుంది, మరీ ఎక్కువైతే ఆపెయ్యి. నీకైతే నేను కొంచెం మార్చి చెప్తా, ఆ రోజు గురించి ఒక్కరోజే రాయి, మిగతా మూడు రోజులు వాడు బతికున్న రోజుల గురించి రాయి. ఆ పిన్నీసు ఎవరు పెట్టారు? చెప్పు తెగినప్పుడు వాడు ఏమన్నాడు? నిన్ను ఏమని పిలిచేవాడు, అక్కా అనా, కోపమొస్తే పేరు పెట్టా? బోదె మీద ఈత నేర్పించింది ఎవరు, నువ్వేనా?

ఆఖర్న అడిగావు కదా, యాక్సెప్ట్ చేసేదేంటి అని. నాకు తోచింది ఇది. ఆ పిల్ల తల తిప్పలేదు, నిజమే. ఆ పిల్ల తమ్ముణ్ణి ప్రేమించింది, అదీ నిజమే. ఈ రెండూ ఒకే పిల్లవి. నువ్వు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని బీరువాలో పెట్టి తాళమేశావు. మొదటిది మర్చిపొమ్మని నేను అనట్లేదు, రెండోదాన్ని బయటికి తీసి దాని పక్కన పెట్టమంటున్నా.

ఈ ఆదివారం మీవాడు లేచాక ఆ ఫైల్ తియ్యి. ఫోటో వాడి చేతికివ్వు. "మొన్న నేను అబద్ధం చెప్పానురా" అని మొదలుపెట్టు, తర్వాత మాటలు వస్తాయి, రాకపోతే ఆగు, వాడే అడుగుతాడు. వాడేం అడిగాడో నాకు రాయి. మీ తమ్ముడి పేరు కూడా రాయి. ఇక్కడ వెయ్యను, నా దగ్గరే ఉంచుకుంటాను.